చింతగింజలు, అగ్గిపెట్టెలు, ఒక పసి ఏఐ: నల్లగొండ ప్రాజెక్టు డైరీ

జాగ: నల్లగొండలో ఒక ట్యూషన్ గది. శనివారం మధ్యాహ్నాలు, రెండేసి గంటలు. 7 నుంచి 9వ తరగతి పిల్లలు 12 మంది, నేర్పేవాళ్లం ఇద్దరం.

పని: ఏమీ తెలియని ఒక యంత్రానికి చిన్న చిన్న ఆటలతో ఆడటం నేర్పించడం. గెలుపోటములు తప్ప ఇంకేమీ చెప్పకుండా నేర్పించాలి. ఫలానాచోట ఫలానా ఎత్తు వేయి అని ఒక్క మాట కూడా చెప్పొద్దు. ఏఐలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అనే పద్ధతి ఇదే. మొదటి నాలుగు వారాలు కంప్యూటర్ ముట్టుకోవద్దని నిర్ణయించాం. తెర వెనక జరిగేది పిల్లల కంటికి ఆనదు. అగ్గిపెట్టె తెరిస్తే మాత్రం అది నేర్చుకున్నదంతా పూసల రూపంలో కనబడుతుంది.

ఈ దారి వేసినవాడు బ్రిటన్ శాస్త్రవేత్త డొనాల్డ్ మిచీ. 1961లో 304 అగ్గిపెట్టెలు, రంగురంగుల పూసలతో అడ్డంనిలువు ఆట నేర్చుకునే యంత్రం కట్టాడు. సున్నాలు, ఇంటూలతో తొమ్మిది గళ్లలో ఆడే ఆటే అది. పేరు మెనాస్. 304 పెట్టెలు 12 మంది పిల్లలతో ఒక్క మధ్యాహ్నంలో అయ్యే పని కాదు కాబట్టి మేం ఇంకా చిన్న ఆట దగ్గర మొదలుపెట్టాం.

1వ శనివారం: సామాను

ఆట: 10 చింతగింజలు వరసగా పెట్టాలి. ఇద్దరు వంతులవారీగా 1 గాని 2 గాని తీయాలి. ఆఖరి గింజ తీసినవాళ్లు గెలిచినట్టు. యంత్రమే ముందు ఆడుతుంది.

అగ్గిపెట్టెలు 10 ఉన్న కట్టలు నాలుగు కొన్నాం. పెట్టె 2 రూపాయల లెక్కన 80 రూపాయలు. ఈ ఆటకు 8 పెట్టెలు చాలు, మిగతావి తర్వాతి ఆటకు. పుల్లలన్నీ పిల్లలు రాకముందే తీసి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి పంపించేయాలి. పెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. దాని మీద కాగితం టేపు అంటించాకే పెట్టె పిల్లల చేతికి ఇచ్చాం.

ఒక్కో పెట్టె మీద మిగిలిన గింజల సంఖ్య రాయాలి: 10, 8, 7, 6, 5, 4, 3, 2. యంత్రమే ముందు ఆడుతుంది కాబట్టి 9 గింజలు దాని వంతుకు ఎన్నడూ రావు. 1 మిగిలితే తీయడం తప్ప వేరే దారి లేదు, దానికీ పెట్టె అక్కర్లేదు. ఒక్కో పెట్టెలో రెండు పూసలు: ఎర్రపూస అంటే 1 తీయి, పచ్చపూస అంటే 2 తీయి. మొత్తం 16 పూసలు. యంత్రం వంతు వచ్చినప్పుడు ఎన్ని గింజలున్నాయో ఆ పెట్టె తీసి, ఊపి, చూడకుండా ఒక పూస పైకి తీయాలి. దాని రంగు ఏం చెబితే అది చేయాలి. తీసిన పూసను ఆట అయ్యేదాకా ఆ పెట్టె ముందే పెట్టి ఉంచాలి.

పూసల దగ్గర ఒక పొరపాటు జరిగింది. ఖర్చెందుకని మొదట ఎర్రపూసకు బదులు బబ్బెర్లు, పచ్చపూసకు బదులు పెసర్లు వేశాం. ఒక గంటలోనే తేడా తెలిసింది. ఊపినప్పుడు చిన్న పెసరగింజ అడుక్కు జారుతుంది, పెద్ద బబ్బెరగింజ పైకి తేలుతుంది. కళ్లు మూసుకుని తీసినా వేలికి పెద్దదే దొరుకుతుంది. అంటే యంత్రం ఏమీ నేర్చుకోకముందే దానికి ఒకటి తీయడం మీద మొగ్గు వచ్చేసింది. ఏఐ నేర్పేవాళ్లు ఎక్కువసార్లు పప్పులో కాలేసేది ఇక్కడే: మొదట్లో అన్ని ఎత్తులకూ సమానంగా అవకాశం ఉండాలి. గాజుల దుకాణంలో ఒకే సైజు ప్లాస్టిక్ పూసలు రెండు రంగులవి తెచ్చి మార్చాం. వానాకాలంలో పెసర్లకు పురుగు పడుతుంది, ఆ గొడవ కూడా తప్పింది.

ఇంకో సవరణ మిచీ నుంచి తీసుకున్నదే. పెట్టె లోపలి అరలో ఒక మూలకు అట్టముక్కను మడిచి కోణంలా అంటించాలి. ఊపి, ఆ వైపుకు వంచితే ఏ పూస కోణం మొనలోకి జారితే అదే ఎత్తు. ఇక వేలితో పనిలేదు, ఎవరి చెయ్యి ఎటు మొగ్గిందన్న తగాదా రాదు.

2వ శనివారం: ఓడితే ఒక పూస తీసేయడం

శిక్ష నియమం ఒక్కటే. యంత్రం ఓడితే, అది చివరగా వేసిన ఎత్తు తాలూకు పూస ఆ పెట్టెలోంచి శాశ్వతంగా తీసేయాలి. గెలిస్తే పూసలన్నీ మళ్లీ పెట్టెల్లోకి. యంత్రం వంతు వచ్చినప్పుడు పెట్టె ఖాళీగా ఉంటే ఓటమి ఒప్పుకున్నట్టు లెక్క. అప్పుడు దానికి ముందు వేసిన ఎత్తు పూస తీసేయాలి.

ప్రతి ఆటనూ అంకెల వరసగా నోట్‌బుక్‌లో రాయించాం: 10-8-6-5-3-1-0 అన్నట్టు. ఇది తప్పనిసరి. పొరపాటున వేరే పెట్టెలోంచి పూస తీసేస్తే, ఈ వరస చూసే సరిచేయగలం.

10వ పెట్టెలో పచ్చపూస వచ్చిన ఆటలు మాత్రం ఏరి ఇక్కడ రాస్తున్నాం. ఎదుట కూర్చున్న అమ్మాయికి కిటుకు తెలుసు: అవతలివాళ్లకు 3, 6, 9 గింజలు మిగిలేటట్టు తీయాలి.

మొదటిది: 10లో పచ్చ, 8 మిగిలాయి. ఆమె 2 తీసింది, 6. యంత్రం ఎరుపు, 5. ఆమె 2, మిగిలినవి 3. యంత్రం పచ్చ, 1. ఆమె గెలిచింది. 3వ పెట్టెలోంచి పచ్చపూస పోయింది.

రెండోది: అదే దారిన మళ్లీ 3 దాకా వచ్చింది. ఈసారి పెట్టెలో ఎరుపు ఒక్కటే ఉంది. 1 తీస్తే 2 మిగిలాయి, ఆమె రెండూ తీసేసింది. ఎరుపూ పోయింది. 3వ పెట్టె ఖాళీ.

మూడోది: 10లో పచ్చ, ఆమె వేశాక 6. ఈసారి పచ్చ, 4. ఆమె 1 తీసింది, 3. పెట్టె తెరిస్తే ఏమీ లేదు. "సార్, డబ్బల ఏం లేదు, ఇప్పుడు ఎట్ల?" అన్నారు పిల్లలు. ఓటమి ఒప్పుకోవడమే. 6వ పెట్టెలోంచి పచ్చ పోయింది.

నాలుగోది: 6లో మిగిలిన ఎరుపు వచ్చింది, 5, ఆమె మళ్లీ 3కు తెచ్చింది. ఖాళీ పెట్టె. 6లో ఎరుపు కూడా పోయింది.

ఐదోది: 10లో పచ్చ, 8, ఆమె 6కు తెచ్చింది. 6వ పెట్టె ఖాళీ. 10వ పెట్టెలోంచి పచ్చ పోయింది.

ఇక ఆ యంత్రం ఎన్నడూ మొదటి ఎత్తుకు 2 తీయదు. 3 మిగిలితే ఓటమే అన్న సంగతి 6 దాకా, అక్కడి నుంచి 10 దాకా, ఆట చివర నుంచి మొదటికి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. నేర్చుకోవడం అంటే ఇక్కడ ఇదే. పిల్లలు దీన్ని కళ్లారా చూశారు, పెట్టెలు వాళ్ల చేతులతోనే ఖాళీ అయ్యాయి.

ఎన్ని ఓటములు కావాలో ముందే లెక్కగట్టొచ్చు. 10, 8, 7, 5, 4, 2 పెట్టెల్లో ఒక్కో చెడ్డ పూస ఉంటుంది. 6, 3 పెట్టెల్లో రెండూ చెడ్డవే. మొత్తం 10. ఒక్కో ఓటమికి ఒక్క పూసే పోతుంది, పోయేది ఎప్పుడూ చెడ్డదే. అందుకే ఎదుట ఎవరు కూర్చున్నా సరే, ఈ యంత్రం తన జన్మలో 10 సార్లకు మించి ఓడదు. చివరికి మిగిలేవి 6 మంచి పూసలు. బోర్డు మీద ఇది రాసి చూపితే 9వ తరగతి పిల్లలు ముగ్గురు నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిది. వాళ్లకు వేరే పెట్టెల సెట్ ఇచ్చి, పదకొండోసారి ఓడించి చూపమన్నాం.

కొత్తగా తయారైన పెట్టెలకు మొదటి ఆటలో గెలిచే అవకాశం ఎంతో కూడా చెప్పొచ్చు. ఎదుటివాళ్లు తెలిసి ఆడుతూ, యంత్రం సరైన ఎత్తు వేసిన ప్రతిసారీ 1 తీస్తూ పోతే అది 10, 8, 5, 2 దగ్గర నాలుగుసార్లు సరిగ్గా వేయాలి: 16లో 1. 2 తీస్తూ పోతే 10, 7, 4 దగ్గర మూడుసార్లు చాలు: 8లో 1.

3వ శనివారం: ఎవరితో ఆడుతుందన్నది

రెండు సెట్లు తయారుచేసి రెండు గుంపులకు ఇచ్చాం. ఒక గుంపులో పిల్లలు తెలిసి ఆడాలి. రెండో గుంపులో ఎప్పుడూ ఒక్క గింజే తీయాలి.

ఒక్కటే తీసేవాళ్లతో ఆడిన యంత్రానికి చెడ్డ అలవాటు పట్టింది. ఉదాహరణకు ఈ ఆట: 10లో పచ్చ, 8. ఎదుటివాళ్లు 1, 7. యంత్రం ఎరుపు, 6. వాళ్లు 1, 5. పచ్చ, 3. వాళ్లు 1, 2. పచ్చ, యంత్రం గెలిచింది. మొదటి ఎత్తు తప్పే అయినా శిక్ష పడలేదు, ఎందుకంటే ఎదుట ఉన్నవాళ్లు ఆ తప్పును పట్టుకోలేదు. ఇటువంటి యంత్రాన్ని రెండో వారంలో ఆడిన అమ్మాయి ముందు పెడితే మొదటి ఆటలోనే చిత్తు.

యంత్రం అన్నీ మంచి ఎత్తులే వేసినా ఇంకో ఇబ్బంది ఉంది. ఎదుటివాళ్లు ఒక్కటే తీస్తుంటే అది 8, 5, 2 పెట్టెలే చూస్తుంది. 7, 4 పెట్టెలకు అక్కడ పని పడదు, వాటిలో చెడ్డ పూసలు చెక్కుచెదరకుండా అట్లాగే ఉంటాయి. గెలుపుల లెక్క చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల సగం చదువు ఖాళీ. అందుకే పెట్టెలు తెరిచి చూడకుండా ఉత్త గెలుపుల లెక్కతో యంత్రానికి మార్కులు వేయొద్దని ఈ రోజు నుంచి నియమం పెట్టుకున్నాం.

మిచీ పద్ధతిలో శిక్షతో పాటు బహుమానం కూడా ఉంటుంది: గెలిస్తే ఆటలో వాడిన ప్రతి పెట్టెలో అదే రంగువి మూడు పూసలు అదనం, ఓడితే వాడిన పూసలన్నీ పోతాయి. దీన్ని మా రెండు పూసల పెట్టెలతో కలిపితే పని చెడుతుంది. 10లో ఎరుపు (మంచిది), ఎదుటివాళ్లు 1, 8లో ఎరుపు (చెడ్డది), ఓటమి అనుకోండి. శిక్షలో 10లోని మంచి పూస కూడా పోతుంది. అది ఒక్కటే ఉండె, ఇక ఆ యంత్రానికి మంచి దారి ఎన్నటికీ దొరకదు. ఈ నియమం వాడాలంటే మొదట్లోనే పూసలు ఎక్కువ వేయాలి, ఆటలో ముందు వచ్చే పెట్టెల్లో ఇంకా ఎక్కువ. మిచీ కూడా మొదటి ఎత్తు పెట్టెలో ఒక్కో గడికి నాలుగు, తర్వాతి వాటిలో మూడు, రెండు, ఒకటి చొప్పున వేసింది ఇందుకే. మేం 10వ పెట్టెలో రంగుకు 8, మిగతావాటిలో రంగుకు 4 వేశాక కుదుటపడింది.

యంత్రం రెండో వంతు ఆడాలంటే 9వ పెట్టె కూడా కావాలి. కిటుకు తెలిసినవాళ్లు ముందు ఆడితే ఆ పెట్టె తొందరగా ఖాళీ అయిపోయి, యంత్రం ఆట మొదట్లోనే చేతులెత్తేస్తుంది. పిల్లలు చెడిపోయిందనుకున్నారు. చెడిపోలేదు, 9 దగ్గర ఓటమి ఖాయమని దానికి తెలిసిపోయింది. అయితే కొత్తవాళ్ల ముందు అట్లా లొంగిపోతే, వాళ్లు చేసే పొరపాటుతో గెలిచే అవకాశం పోతుంది. ఖాళీ చేయకుండా ఒక పూస మిగిల్చి చూశాం. అది ఇంకా చేటు చేసింది: పెట్టె ఖాళీ కానిదే శిక్ష వెనక్కి నడవదు, పాఠం అక్కడే ఆగిపోతుంది. చివరికి కుదిరిన ఉపాయం: ఖాళీ అయిన పెట్టె మీద ఎర్ర స్టిక్కర్ అంటించి రెండు పూసలూ మళ్లీ లోపల వేయడం. ఆటలో ఆ పెట్టె దాకా వస్తే ముందరి ఎత్తు పూస వెంటనే తీసేయాలి, కాని ఆట మాత్రం ఆపకూడదు. స్టిక్కర్ ఉన్న పెట్టెలోంచి ఇక పూసలు తీయరు.

4వ శనివారం: మూడు బంట్ల ఆట

మూడు గళ్ల చదరం, ఇటు మూడు బంట్లు, అటు మూడు. చదరంగంలో బంటులాగే ఒక గడి ముందుకు నడవాలి, మూలకు చంపాలి. అవతలి వరసకు చేరినా, ఎదుటి బంట్లన్నీ చంపినా, ఎదుటివాళ్లకు ఎత్తు లేకుండా చేసినా గెలుపు. మార్టిన్ గార్డ్‌నర్ 1962లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన ఆట ఇది, 24 అగ్గిపెట్టెలు సరిపోతాయి. రెండో వంతు ఆడేవాళ్లు తప్పు చేయకపోతే గెలుపు వాళ్లదే కాబట్టి యంత్రాన్ని రెండో వంతున కూర్చోబెట్టాలి. బంట్లకు రెండు రంగుల సీసామూతలు వాడాం. పూసలు నాలుగు రంగులు. పెట్టె మీద బొమ్మ గీసి, ఏ ఎత్తుకు ఆ రంగు బాణం గుర్తు పెట్టాలి.

24తో సరిపోవడానికి కారణం, ఎడమకుడి తారుమారైన బొమ్మలు రెండిటికీ ఒకే పెట్టె కావడం. పిల్లలకు కష్టమైంది కూడా అదే. బల్ల మీదున్న అమరిక అద్దంలో బొమ్మలా ఉంటే వాళ్లకు పెట్టె దొరకలేదు, దొరకక వేరే పెట్టె తెరిచారు. బొమ్మల్ని బటర్ పేపర్ మీద గీయించాం. కాగితం తిప్పి పట్టుకుంటే అద్దం బొమ్మ కనబడుతుంది, పెట్టె చప్పున తేలుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు తలకిందులుగా చదవకుండా, యంత్రం వైపు అంచున ఒక నల్లగీత గీశాం.

అరలు కడిగి ఆరబెట్టొద్దు. ఒకసారి అరలు, మూతలు మారిపోయాయి, ఏ చదువు ఏ పెట్టెదో తెలియక ఆ సెట్ మళ్లీ మొదటికి తేవాల్సి వచ్చింది. ఇప్పుడు అర అడుగున కూడా నంబర్ ఉంది. రోజు చివర పెట్టెలన్నీ తెరిచి వరసగా పేర్చి ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకుంటున్నాం.

5వ శనివారం

పరీక్షలు. గది ఖాళీ.

6వ శనివారం: ల్యాప్‌టాప్ మీదికి

పెట్టెల స్థానంలో పట్టిక. ఆట: మూడు రాళ్ల ఆట, అంటే చిన్న దాడి. చదరం, నడుమ నిలువు, అడ్డం, మూలల గీతలు, మొత్తం 9 చుక్కలు. చెరి మూడు రాళ్లు ముందు వేసుకోవాలి, తర్వాత గీత వెంట పక్క చుక్కకు జరపాలి. మూడూ ఒక వరసలో పడితే గెలుపు. నడుమ చుక్క నుంచి 8 దారులు, మిగతా ప్రతి చుక్క నుంచి 3.

అమరికలు ఎన్నో పిల్లలే లెక్కగట్టారు. వేసే దశలో రాయి ఒక్కటీ లేనప్పుడు 1, తర్వాత వరసగా 9, 72, 252, 756, 1,260. జరిపే దశలో 84 × 20, అంటే 1,680. "ఇప్పుడు వంతు నాది" అన్న చూపుతోనే రాసుకుంటే అన్నీ కలిపి 4,030 దాటవు. అగ్గిపెట్టెలతో కాదుగాని పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) డిక్షనరీకి, అంటే ఒక్కో పేరు కింద ఒక్కో విలువ దాచుకునే పట్టికకు, ఇది చిటికెలో పని. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు.

అమరికను 9 అక్షరాల మాటగా రాయాలి, నా రాయికి ఒక అక్షరం, నీ రాయికి ఒకటి, ఖాళీకి ఒకటి. పైథాన్ లిస్టును (జాబితాను) డిక్షనరీలో ఆ పేరుగా పెడితే ఒప్పుకోదు, ఎర్రర్ వస్తుంది, అందుకని మాటగా మార్చాల్సిందే. ఆ అమరికలో ఒక్కో ఎత్తుకు ఒక విలువ, మొదట అన్నీ సున్నా. ఎత్తు వేశాక విలువ మార్చే సూత్రం: పాత విలువ + 0.2 × (కొత్తగా తెలిసింది − పాత విలువ). 0.2 అంటే కొత్త అనుభవాన్ని ఎంత నమ్మాలన్నది. కొత్తగా తెలిసింది అంటే ఇప్పుడు అందిన బహుమానం, దానికి తర్వాతి అమరికలోని అతి మంచి విలువ కలిపినది; ఆ రేపటి లాభాన్ని ఇవాళ 0.95 వంతుగా లెక్కిస్తాం, తరుగు అంటే ఇదే. పది ఎత్తుల్లో మూడు ఊరికే గుడ్డిగా వేయాలి, ఆడుతున్నకొద్దీ దాన్ని 5 శాతానికి తగ్గించాలి. ఈ గుడ్డి ఎత్తులు లేకపోతే మూడో వారంలో 7, 4 పెట్టెలకు పట్టిన గతే.

మొదటి తప్పు: విలువలన్నీ సమానంగా ఉన్నప్పుడు ప్రోగ్రామ్ ఎప్పుడూ మొదటిదాన్నే ఎంచుకుంది, ప్రతి ఆట పై ఎడమ మూల నుంచే మొదలు. పెసరగింజ, బబ్బెరగింజ తంటా ఇంకో వేషంలో వచ్చింది. సమానమైనవాటిలోంచి చీటీ తీసినట్టు ఒకటి తీయమని రాశాక పోయింది.

రెండో తప్పు మేమే కొని తెచ్చుకున్నాం. ఎదుట గుడ్డిగా ఆడే ప్రోగ్రామ్‌ను పెట్టి, గెలిస్తే 1, ఓడితే −1 ఇచ్చాం. గెలుపు అరుదుగా వస్తోంది, తొందరగా నేర్చుకుంటుందని, ఎత్తు తర్వాత రెండు రాళ్లు ఒక వరసలో ఉండి మూడో చుక్క ఖాళీగా ఉంటే 0.1 ఇస్తామన్నాం. యంత్రం గెలవడం మానేసింది. వరసలో రెండు రాళ్లు పెట్టుకుని, మూడోదాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. మూడో రాయి వేస్తే గెలుస్తుంది, వేయదు. "గెలిచే జాగ ఉన్నా పోతలేదు సార్" అని పిల్లలు తెర మీద వేలు పెట్టి చూపించారు.

లెక్క గట్టి చూస్తే తప్పు దానిది కాదు. ప్రతి ఎత్తుకూ 0.1 వస్తూ ఉంటే, 0.95 తరుగుతో మొత్తం 0.1 ÷ 0.05, అంటే 2. గెలిస్తే వచ్చేది 1. ఆట ఆగకుండా ఉండటమే దానికి లాభం. ఆటకు 40 ఎత్తుల హద్దు పెట్టినా దాని వంతుకు 20 ఎత్తులు, అన్నిటికీ అందితే 1.28. అప్పటికీ గెలుపు కన్నా ఎక్కువే. మనం అడిగింది అది చేసి పెట్టింది, మనం కోరుకున్నది వేరు.

దీనికి ఒప్పైన మందు 1999లో ఆండ్రూ ఎన్‌జీ, దైషి హరాద, స్టువర్ట్ రస్సెల్ నిరూపించారు: మంచి అమరికలోకి వెళ్లినప్పుడు ఎంత ఇస్తామో, అక్కడి నుంచి బయటికి వచ్చినప్పుడు అంత వెనక్కి తీసుకోవాలి (తరుగు లెక్క కలుపుకుని). అప్పుడు అటూ ఇటూ తిరిగి పోగుచేసుకునేది ఏమీ ఉండదు, అసలు ఆటలో ఏది మంచి ఎత్తో అదే మంచి ఎత్తుగా ఉంటుంది. మేం ఇంకా సులభమైన దారి పట్టాం: చిల్లర బహుమానం పూర్తిగా తీసేసి, ఆటల సంఖ్య పెంచాం. ఇంత చిన్న ఆటకు అదే సరైనదని మా అభిప్రాయం.

7వ శనివారం: తనతో తానే

గుడ్డిగా ఆడేవాళ్లను ఓడించడం నేర్చుకుంటే చాలదని మూడో వారమే తేలింది. ఇప్పుడు ఒకే పట్టిక రెండు వైపులా ఆడుతుంది.

ఇక్కడ ప్లస్, మైనస్ గుర్తు మార్చడం మరిచిపోతే పని మొత్తం తలకిందులవుతుంది. నా ఎత్తు తర్వాత వచ్చే అమరికలో వంతు ఎదుటివాళ్లది. అక్కడి మంచి విలువ వాళ్లకు మంచి, నాకు చెడ్డ. ఒక ఎత్తు చూద్దాం: పాత విలువ 0.40, తర్వాతి అమరికలో ఎదుటివాళ్ల అతి మంచి విలువ 0.50. నాకు అది −0.50 × 0.95 = −0.475. కొత్త విలువ: 0.40 + 0.2 × (−0.475 − 0.40) = 0.225. ఎత్తు విలువ తగ్గాలి, తగ్గింది. మైనస్ మరిచిపోతే 0.40 + 0.2 × (0.475 − 0.40) = 0.415. ఎదుటివాళ్లకు మేలు చేసే ఎత్తు విలువ పెరుగుతుంది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్రర్ రాదు, వేల ఆటలు ఆడుతుంది, ఆడినకొద్దీ ఎదుటివాళ్లకు గెలుపు అందించడంలో ఆరితేరుతుంది. పట్టుకోవడానికి ఒక్కటే దారి: ఒకే ఎత్తులో గెలిచే అమరిక ఒకటి, ఎదుటివాళ్లు ఒకే ఎత్తులో గెలిచే అమరిక ఒకటి ముందే చేతితో రాసి పెట్టుకుని, ప్రతి 1,000 ఆటలకు వాటి విలువలు అచ్చు వేయించాలి. మొదటిది 1 వైపు పోవాలి. రెండోదాంట్లో అడ్డుకునే ఎత్తు తప్ప మిగతావన్నీ −0.95 వైపు దిగాలి.

పరీక్ష పెట్టేటప్పుడు గుడ్డి ఎత్తులు సున్నా చేయాలి, నేర్చుకోవడం కూడా ఆపాలి. 5 శాతం అట్లాగే వదిలేస్తే దాని వంతుకు వచ్చే ప్రతి 20 ఎత్తుల్లో సగటున ఒకటి గుడ్డిదే, గెలిచే ఆట చేజారుతుంది, పిల్లలు యంత్రానికి రాలేదనుకుంటారు. ఆట తిరిగి తిరిగి అదే అమరికకు వస్తే 40 ఎత్తుల దగ్గర డ్రా.

8వ శనివారం: పులి మేక

పిల్లలు అడిగింది ఇదే. పాత గుళ్ల మంటపాల్లో బండల మీద గీసి ఉండే ఆట: 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. పట్టిక ఇక్కడ చేతులెత్తేస్తుంది. మేకలన్నీ బల్ల మీద ఉన్న అమరికలే 1,771 × 15,504, అంటే 2,74,57,584. మేకలు వేస్తున్నప్పటివి, కొన్ని పోయినప్పటివి కలిపితే ఇంకా ఎన్నో రెట్లు. ప్రతిదాన్నీ పలుమార్లు చూస్తేగాని విలువ కుదరదు.

అందుకని అమరికను అమరికగా గుర్తుపెట్టుకోవడం మాని, దానిలో నాలుగు సంగతులు మాత్రం కొలవాలి: పోయిన మేకలు ఎన్ని, పులులకు ఉన్న ఎత్తులు ఎన్ని, కట్టుబడిపోయిన పులులు ఎన్ని, వెనక ఖాళీ ఉండి పులికి దొరికే మేకలు ఎన్ని. ఒక్కోదానికీ ఒక బరువు, ఒక్కో కొలతనూ దాని బరువుతో గుణించి, నాలుగూ కలిపితే అమరిక విలువ. యంత్రం నేర్చుకోవాల్సింది ఆ నాలుగు బరువులే. ఆర్థర్ శామ్యూల్ 1959లో చెకర్స్ ఆట గురించి రాసింది ఈ దారే. ఆ నాలుగు ఏవో ఎంచుకోవడానికి ఆట తెలిసిన మనిషి కావాలి. మేకలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉండటాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఒక పిల్లవాడి తాత చెప్పిపంపాడు, ఐదోది చేర్చాం.

అంకెలు పెద్దవైతే బరువులు అదుపు తప్పుతాయి. పులి ఎత్తులు పదుల్లో ఉంటాయి, కట్టుబడిన పులులు 0 నుంచి 3. ప్రతిదాన్నీ దాని గరిష్ఠ సంఖ్యతో భాగించి 0, 1 మధ్యకు తేవాలి. విలువ మార్చే సూత్రంలో మొదట పాత 0.2నే ఉంచితే బరువులు అటూ ఇటూ ఊగి లక్షలకు పోయాయి, 0.01కి తగ్గించాక నిలబడ్డాయి. 5 మేకలు పోతే పులి గెలుపు, మూడు పులులూ కట్టుబడితే మేకల గెలుపు అని కుదుర్చుకున్నాం. ఊరూరికీ ఈ నియమం మారుతుంది కాబట్టి ముందే రాసి గోడకు అంటించాలి.

ఇప్పటికి బరువుల గుర్తులు సరిగ్గా పడ్డాయి: పులి వైపు నుంచి చూస్తే పోయిన మేకలకు ప్లస్, కట్టుబడిన పులులకు మైనస్. మేకల వైపు మాత్రం ఇంకా కచ్చాగానే ఆడుతోంది, అంచు చుక్కలు వదిలేసి నడుమకు వచ్చి దొరికిపోతోంది. అంచున ఉన్న మేకలు ఎన్ని అన్నది ఆరో కొలతగా చేర్చి, తొమ్మిదో శనివారం మళ్లీ సున్నా బరువుల నుంచి ఆడించాలి. నోట్‌బుక్‌లో ఆరో గడి గీసి పెట్టాం.